భోజనాల గదిలో తివాచీ

ఏలూరులో సుభాషిణి అనే ఇల్లాలు ఉండేది, ఇల్లు అద్దంలా ఉంచుకునేది గానీ తన వల్ల చిన్న పొరపాటు జరిగినా పైకి ఒప్పుకునేది కాదు.

కొత్తగా భోజనాల బల్ల కొన్నాక దాని కింద పరచడానికి ఒక తివాచీ కావాలనుకుంది. భర్త చక్రధర్‌నూ అత్తగారు విశాలాక్షమ్మనూ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. కొలతల విషయంలో ఆమె గట్టిదే. కుర్చీలు వెనక్కి లాగినా కాళ్ళు అంచు దాటనంత పెద్దది తీయించింది. రంగు దగ్గరే పేచీ వచ్చింది.

"ముదురు ఎరుపు మీద పువ్వులున్నది తీసుకుందామమ్మా. అన్నం తినే చోటు కదా, పులుసు పడ్డా కనబడదు," అంది విశాలాక్షమ్మ.

"మీగడ రంగుదే బాగుంది అత్తయ్యా. నేనున్నానుగా, ఒక్క చుక్క కూడా పడనివ్వను," అంది సుభాషిణి.

అలాగే చూసుకుంది కూడా. రోజూ మెత్తని చీపురుతో ఊడ్చేది. వారం వారం డాబా మీదికి మోయించి దులిపించేది. ఎవరైనా చారు పోసుకుంటుంటే ఆమె కళ్ళు గరిటె మీదే ఉండేవి.

ఒక మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా, సుభాషిణి పప్పుచారు గిన్నె తెస్తూ తివాచీ అంచుకు కాలు తగిలి తూలింది. చారు ఒలికింది. వెంటనే తడిగుడ్డతో అద్దితే చాలావరకు పోయేదే. సరిగ్గా అప్పుడే వాకిట్లో చక్రధర్ స్కూటర్ ఆగింది. సుభాషిణి పైపైన తుడిచేసి, పక్కనున్న కుర్చీని మరక మీదికి లాగింది. అది అత్తగారు కూర్చునే కుర్చీ అని ఆ కంగారులో ఆమెకు తట్టలేదు.

నాలుగు రోజులకు అక్కడ చీమలు పట్టాయి. చక్రధర్ కుర్చీ జరిపి చూస్తే అరచేతంత పసుపు మరక కనబడింది. విశాలాక్షమ్మకు ఏడాదిగా చేతులు వణుకుతున్నాయి. అతనికి వేరే అనుమానమే రాలేదు.

"పోనీలే అమ్మా, నీ చేతులు వణుకుతాయి కదా. ఇకనుంచి సుభ కలిపి పెడుతుందిలే," అన్నాడు మెల్లగా.

విశాలాక్షమ్మ ఆ మరక కేసి చాలాసేపు చూసింది. "నాకు తెలియనే లేదు నాయనా," అంది.

సుభాషిణి నోరు తెరిచింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారని మళ్ళీ మూసుకుంది.

మర్నాటి నుంచి విశాలాక్షమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. "అక్కడ కూర్చుంటే, ఎక్కడ పడుతుందోనని నా చేతులు మరింత వణుకుతున్నాయమ్మా," అంది. చారు పోసుకోవడం మానేసింది. గట్టిగా కలిపిన అన్నం నాలుగు ముద్దలు తిని లేచిపోయేది. మనిషి చిక్కిపోయింది.

ఒకరోజు సుభాషిణి బజారు నుంచి వచ్చేసరికి, అత్తగారు మోకాళ్ళ మీద వంగి తడిగుడ్డతో ఆ మరకను అద్దుతోంది.

"ఎంత అద్దినా పోవడం లేదమ్మా. మోజుపడి కొనుక్కున్నావు, పాడుచేశాను," అంది.

సుభాషిణి కూరల సంచీ అక్కడే వదిలేసి ఆమె పక్కన కూలబడింది. "మీరు కాదు అత్తయ్యా. నేనే ఒలకబోశాను. మీ కుర్చీని దాని మీదికి లాగిందీ నేనే," అంది.

విశాలాక్షమ్మ కోప్పడలేదు. తన చేతుల వంక చూసుకుని నెమ్మదిగా నవ్వింది. "అయితే నా చేతులు మరీ పనికిరాకుండా పోలేదన్నమాట," అంది. ఆ మాట సుభాషిణికి తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఆ రోజు అందరూ భోజనానికి లేచే వేళ, భర్త అడగకముందే ఆమె జరిగింది చెప్పేసింది. చక్రధర్ వంటింట్లోకి వెళ్ళి తల్లి కంచం తానే తెచ్చి బల్ల మీద పెట్టాడు. "తప్పు నాదీ ఉందమ్మా. అడక్కుండానే నీ మీద వేసేశాను," అన్నాడు.

సుభాషిణి అత్తగారికి చారు పోస్తుంటే ఒక చుక్క తివాచీ మీద పడింది. "నేనే పడేశాను," అంటూ అందరి ముందే గుడ్డ తెచ్చి అద్దింది. ఆ చుక్క జాడ కూడా మిగల్లేదు. పాత మరక మాత్రం లేత పసుపుగా అలాగే ఉండిపోయింది.

నీతి: పొరపాటును వెంటనే ఒప్పుకుంటే తేలిగ్గా సరిదిద్దుకోవచ్చు, దాచిపెడితే దాని బరువును ఏ పాపమూ తెలియనివాళ్ళు మోయవలసి వస్తుంది.