పలకని మీట

రంగనాయకి గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే బదులు చెప్పేవారు కారు. ముందు చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. కొండ మీది పెద్ద టెలిస్కోపుకు అద్దాలు అమర్చడం ఎందరికో అలాగే నేర్పారు.

ఆవిడ తొలి శిష్యురాలు భ్రమరాంబ. ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. కొన్ని నెలలుగా పేర్లు నాలుక చివరిదాకా వచ్చి జారిపోతున్నాయి. చీటీలు రాసుకుని, గుప్పిట్లో దాచుకుని, ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తోంది. ఆ పొద్దున పాత అద్దం తీసి కొత్తది పెట్టబోతుంటే, ముప్పై ఏళ్ళుగా తాను కలుపుతున్న తీగల వరుసే గుర్తు రాలేదు. చీటీలోనూ లేదు. తలనొప్పి అని వంక చెప్పి బయటపడి, పని నుంచి తప్పుకుంటానని ఉత్తరం రాసి, రిటైరయినా పరీక్ష గదికి వస్తూనే ఉన్న గురువు దగ్గరకు తెచ్చింది.

“అమ్మా, మతిమరుపు వచ్చిన మనిషి ఈ పనిలో ఉండొచ్చా?”

రంగనాయకి గారు ఉత్తరం విప్పలేదు. “కొత్త అద్దం వెనక ఒక మీట చచ్చింది. అది ఏదో కనిపెట్టు,” అన్నారు.

పొయ్యి మీది వేడిగాలిలోంచి చూస్తే అవతలి వస్తువు వణికినట్టు, గాలిని దాటి వచ్చే నక్షత్రపు వెలుగూ వణుకుతుంది. ఆ వణుకుకు ఎదురు వంగి దాన్ని సరిచేస్తుంది ఆ పల్చటి అద్దం. దాని వెనక సన్నటి మీటలుంటాయి. పాతదానికి వంద, కొత్తదానికి వెయ్యి. సెకనుకు వందలసార్లు అద్దాన్ని నెడుతూ, లాగుతూ ఉంటాయి. పరీక్ష గదిలో నక్షత్రానికి బదులు ఒక దీపం, గాలి వణుకుకు బదులు ఒక హీటరు పెట్టారు.

భ్రమరాంబ తెర ముందు కూర్చుంది. వెలుగు చుక్క నిబ్బరంగా, గుండ్రంగా నిలిచి ఉంది. అరగంట చూసినా లోపం కనబడలేదు. చివరికి మీటలను ఒక్కొక్కటే కదిపి చూస్తే, ఏడో వరుసలో ఒకటి పలకలేదు.

“ఇది చచ్చి ఉంటే బొమ్మ ఎలా నిలిచిందమ్మా?”

“పక్కవి లేస్తే అద్దం లేస్తుంది. అద్దంతో పాటు అదీ లేస్తుంది.” అంటూనే ఆవిడ కంప్యూటరులో ఒక పంక్తి చెరిపేశారు. చుక్క చెదిరి, తోకలు తోకలుగా సాగిపోయింది.

“అయ్యో, ఏం చేశారు?”

“ఆ మీట పలకదని రాసిపెట్టిన మాట తీసేశాను. ఇప్పుడు కంప్యూటరు దానికీ పని చెబుతోంది. అది చేస్తుందనుకుని పక్కవి ఊరుకుంటున్నాయి.” మళ్ళీ రాశారు. చుక్క నిలిచింది.

భ్రమరాంబ చాలాసేపు ఆ చుక్కనే చూసింది. గుప్పిట్లో చీటీ చెమటకు మెత్తబడింది.

అంతలో ఆమె జట్టులో పనిచేసే ఇంజనీరు, ముప్పై ఐదేళ్ళ మనిషి, రెండు కప్పుల టీ, ఒక తలనొప్పి మాత్ర పట్టుకొచ్చింది.

“తలనొప్పి కాదమ్మా,” అంది భ్రమరాంబ. “తీగల వరుస మరిచిపోయాను. నీ పేరు కూడా.”

ఇంజనీరు మాత్రను జేబులో వేసుకుని, టీ చేతికిచ్చింది. “హైమావతినండీ. నెల నుంచీ అమ్మాయ్, అమ్మాయ్ అంటుంటే ముద్దు చేస్తున్నారనుకున్నాను.” రెండో కప్పు రంగనాయకి గారికి అందిస్తూ అంది: “ఆ వరుస మీరు నేర్పిందే కదా. నేను చదువుతుంటాను, మీరు కలపండి.”

రంగనాయకి గారు తన కప్పును విప్పని ఉత్తరం మీద పెట్టుకున్నారు. తెర వైపు ఒకసారి చూశారు.

“ఇక అద్దం బిగించవచ్చు,” అన్నారు.