రాడ్డుకి రెండు పక్కలు

మా సన్యాసిరావు మాస్టారుని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తాది. ‘మాస్టారూ, నడుమెందుకు నొప్పెడతంది’ అంటే షెడ్డు ఊడవమంటారు. ఊడుస్తుంటే మనం ఎంత వంకరగా వంగుతున్నామో మనకే తెలిసిపోతాది. ఒళ్లు మండుతాది, కానీ పనిచేస్తాది.

విజయనగరం అవతల రేకుల షెడ్డులో మేం వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటాం. అందరిలోకీ బాగా ఎత్తేది హైమక్క. పోయినేడు తక్కువ బరువు కేటగిరీలో ఆడాలని తిండి తగ్గించింది. పోటీలైపోయాయి, తగ్గించడం మాత్రం ఆగలేదు. ఒకరోజు ప్రాక్టీసులో పడిపోతే ఆటోలో ఎక్కించింది మేమే. అప్పుడామె చెయ్యి ఎంత చల్లగా ఉందో నేనింకా మర్చిపోలేదు. ఇప్పుడు నాలుగు నెలల్నుంచి వారం వారం బస్సులో విశాఖ వెళ్లి ట్రీట్‌మెంటు తీసుకుంటంది. తిండికి ఒక మేడమ్, దిగులుకీ భయానికీ ఇంకో డాక్టరు. బరువులు ముట్టుకోవద్దన్నారు. అందుకే షెడ్డుకొచ్చి కూర్చుని, నీరసం గొంతుతో మమ్మల్ని తిడతాది.

సోమవారం పొద్దున్న మాస్టారు టీ తాగుతుంటే వెళ్లి ఎదురుగా కూర్చుంది.

“మాస్టారూ, ఏది ముందు బాగుచేసుకోవాలి? తిండా, దిగులా?”

“ఏమైందమ్మా?”

“తినడం మొదలెట్టాక భయం ఇంకా ఎక్కువైంది. కంచం ముందు కూర్చుంటే గుండె దడ. రెండూ ఒకేసారంటే నా వల్ల కాదు. ముందు తిండి సంగతి తేల్చేస్తాను, దిగులు దానంతటదే పోతాది. ఈ గురువారం నుంచి ఆ దిగులు డాక్టరు దగ్గరికి వెళ్లను. అమ్మ ఒప్పుకోదు. మీరు చెప్తే వింటాది.”

“డాక్టరు ఏమన్నారు?”

“రెండూ కలిపే చూడాలంట. కడుపు మాడితే దిగులు పెరుగుతాది, దిగులు పెరిగితే మళ్లీ కడుపు మాడ్చుకుంటానంట.”

మాస్టారు ‘ఊ’ అన్నారు. నాకు భయమేసింది. ఈయన సరే అంటే ఈవిడ నిజంగానే మానేస్తాది. మళ్లీ ఆటో.

“ఈశ్వరీ, ఆ స్టాండు మీద రాడ్డు ఖాళీ చెయ్,” అన్నారు నన్ను చూసి.

రాడ్డుకి ఒక్కో పక్క మూడేసి ఇనప బరువు ప్లేట్లున్నాయి. నా చెవులు రెండూ వాళ్ల మాటల మీదే ఉన్నాయి. దగ్గరున్న పక్క ఒకటి తీశాను, రెండోది తీశాను, మూడోది కూడా లాగేశాను.

ధడేల్‌మంది. అటుపక్క బరువు కిందకి కుంగిపోయింది, ఇటు కొస నా చెవి పక్కనుంచి పైకి లేచి, తిరిగొచ్చి నేల మీద పడింది. ఆ ఊపుకి మాస్టారి టీ గ్లాసు గోవిందా.

“బుర్రుందేటే నీకు!” హైమక్క ఒక్క గెంతు గెంతింది. నాలుగు నెలల్లో అంత గొంతు వినలేదు నేను. “ఒక పక్కదంతా ఊడ్చేస్తారేటే ఎవరైనా? తల పగిలుంటేనో?”

“చూసుకోలేదక్కా...”

“చూసుకోలేదంట! మొదటిరోజు చెప్పే పాఠం కదే అది!”

మాస్టారు గాజు ముక్కలు ఏరుతూ, తలెత్తకుండా అడిగారు. “మరి ఏ పక్క ముందు తియ్యాలమ్మా?”

“ఏ పక్కైతే ఏటి మాస్టారూ! ఇటొకటి, అటొకటి...”

 మాట మధ్యలో ఆపి మాస్టారినీ నన్నూ మార్చి మార్చి చూసింది, మేమిద్దరం కూడబలుక్కున్నామనుకుని. అమ్మతోడు, లేదు. నాది అచ్చమైన బుద్ధిలేనితనం.

 నేనూ మాస్టారూ అటుపక్క మిగిలిన ప్లేట్లు తీసి, రాడ్డుని మళ్లీ స్టాండెక్కించాం. ఈసారి అన్నీ చిన్న పిల్లలకిచ్చే రబ్బరు ప్లేట్లే వేశారు, పక్కకి మూడు. “ఇద్దరూ తియ్యండి” అన్నారు. అటు నేను, ఇటు హైమక్క. ఒకటి తీసి ఆగడం, అవతలి మనిషి తీసేదాకా చూడటం. రెండో ప్లేటుకి ఆమె నవ్వడం మొదలెట్టింది.

“గురువారం నువ్వూ రావే,” అంది ప్లేటు కింద పెడుతూ. “బస్సులో ఒక్కదాన్నే అయితే బోరు.”

“కిటికీ సీటు నాది.”

“ఇస్తాలే, ఏడవకు.”

ఆఖరి ప్లేటు కూడా తీసి, చేతులు దులుపుకుని హైమక్క అంది, “అయిపోయింది మాస్టారూ. ఖాళీ.”

“ఖాళీ ఎక్కడమ్మా?” అన్నారు మాస్టారు. “రాడ్డే పదిహేను కిలోలుంటాది. ఆ మాత్రం బరువైతే మనం రోజూ ఎత్తేదే.”