ఒక టెస్టర్

"ఇంజిన్ నా పరువు తీసింది మాస్టారూ," అంటూ మొహం గంటు పెట్టుకుని వచ్చాడు సుధీంద్ర.

విశాఖలో గేములు తయారుచేసే చిన్న కంపెనీ అది. అక్కడ సుధీంద్రకి కోడు రాయడం నేర్పింది అప్పలాచార్యులు గారే. అందుకే ఆయన మాస్టారయ్యారు.

పరువు తీయదూ మరి! జాతరలో తప్పిపోయిన కూతుర్ని తల్లి వెతుక్కునే గేము. కనబడగానే ఎత్తుకోవాలి. గేముని నడిపించే ఇంజిన్‌కి మనవాడు గొప్పగా ఒక్క లైను రాసి తేల్చేశాడు: 'బిడ్డ' అనే రకంలో ఒకదాన్ని వెతికి ఇవ్వు, అని. జాతరలో ఒక్క బిడ్డే ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది. తర్వాత ఇరవైమంది పిల్లల్ని చేర్చారు. గేములో తప్పులు పట్టే టెస్టర్ హలీమా రెండుసార్లు వచ్చి చెప్పింది, "తల్లి వేరే పిల్లని ఎత్తుకుంటోందండీ" అని.

"నా దగ్గర బాగానే వస్తోంది," అని పంపేశాడు, తలెత్తి చూడకుండానే.

తీరా నిన్న గేము కొంటామని వచ్చినవాళ్ల ముందు, తల్లి ఎవరి పిల్లనో చంకనేసుకుని చక్కా పోయింది. కన్నబిడ్డ రంగులరాట్నం దగ్గర ఏడుస్తూ ఉండిపోయింది. వచ్చినవాళ్లు నవ్వుకుంటూ లేచిపోయారు.

"బిడ్డ కావాలన్నావు. బిడ్డనిచ్చింది," అన్నారు మాస్టారు. "హలీమా కనబడట్లేదేం?"

సుధీంద్ర తల వంచుకుని చెప్పాడు. గేము బేరం పోయేసరికి మనుషుల్ని తగ్గించమన్నారు పైవాళ్లు. నీ జట్టులో ఎవర్ని తీసేయొచ్చో రాసిమ్మంటే, 'ఒక టెస్టర్' అని రాసిచ్చాడు. వాళ్లు టెస్టర్ల జాబితాలో మొదట కనబడ్డ పేరు కొట్టేశారు. ఉన్నవాళ్లలో పని తెలిసిన పిల్ల ఆమే. పొద్దున్నే ఆఫీసు కార్డు ఇచ్చేసి వెళ్లిపోయింది.

"నేను ఆమెని తీసేయమనలేదు మాస్టారూ. ఒట్టు."

"మరి ఎవర్ని తీసేయమన్నావు?"



మాస్టారు బల్లమీదున్న అతని ఫోను తీసి చేతిలో పెట్టారు. "కాగితాల మీద సంతకాలు సాయంత్రానికి గానీ అవ్వవు. ఆ అమ్మాయిని వెనక్కి రమ్మను. తప్పు నాదని నీ నోటితో చెప్పు. పైవాళ్లతో నేను మాట్లాడతాను."

సుధీంద్ర ఫోనులో హలీమా అని కొట్టాడు. ఏమీ రాలేదు. తర్వాత టెస్టర్ అని కొట్టాడు. మూడు నంబర్లు వచ్చాయి. టెస్టర్ ఒకటి, టెస్టర్ రెండు, టెస్టర్ మూడు.

చెవులు వేడెక్కాయి అతనికి.

మాస్టారు తొంగిచూసి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఏదో ఒకటి నొక్కు నాయనా," అన్నారు.