కనపడని మేకు

మొగలికోట సంస్థానంలో ప్రతి ఇంటివాళ్ళూ ఏటా కుంచెడు వడ్లు వైద్యపు కొట్టుకి కొలిచేవారు. జబ్బు చేస్తే ఖర్చంతా కొట్టుదే. కాకపోతే అర్జీ మీద కొట్టు అధికారి విరూపాక్షయ్య ముద్ర పడాలి. ఆ ముద్ర పడగా చూసినవాళ్ళు లేరు.

చెప్పులు కుట్టే దానప్ప భార్యకి నరం పోటుతో తల పగిలిపోతోంది. మెడ వెనక నరానికి సూదివైద్యం చేస్తే తగ్గుతుందన్నాడు వైద్యుడు.

"వాపు లేదు, గాయం లేదు. కనపడని నొప్పికి ముద్ర వెయ్యను. ఆరు నెలలు శొంఠి పట్టు వేసి చూడు," అన్నాడు విరూపాక్షయ్య, అర్జీ పట్టుకొచ్చిన దానప్పతో.

వారం తిరక్కుండా దానప్ప ఆయన పురమాయించిన కొత్త చెప్పులు తెచ్చాడు. అక్కడి పద్ధతి ప్రకారం కాళ్ళకి తొడిగి, వార్లు బిగించి కుట్టేశాడు. ఇక కత్తితో కోస్తే తప్ప అవి ఊడవు. విరూపాక్షయ్య లేచి నిలబడగానే కెవ్వుమన్నాడు.

"మేకు గుచ్చుకుంటోందిరా! వార్లు కోసెయ్!"

దానప్ప వంగి చుట్టూ చూశాడు. "వాపు లేదు, గాయం లేదు, మేకూ కనపడ్డం లేదయ్యా. ఆరు నెలలు శొంఠి పట్టు వేసి..."

"నొప్పి పడేవాడికి తెలుస్తుందిరా! చూసేవాడికేం తెలుస్తుంది?"

"ఆ మాటే మా ఆవిడ అర్జీ మీద రాసి ముద్ర వెయ్యండయ్యా," అన్నాడు దానప్ప, తాపీగా కత్తి నూరుకుంటూ.

ముద్రకి పట్టిన బూజు దులపడానికే కాస్త ఆలస్యమైంది.