కోతులన్నా పోవాలె, గట్టయ్యన్నా పోవాలె

ఇది అబద్ధమనేవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి ముందు వరసలోకి రండి. ఎదురుగా కూర్చుని వినండి. మధ్యలో నవ్వొస్తే నవ్వండి గానీ, చివర సాక్షి పేరు చెప్పాక మాత్రం నోరు మెదపకూడదు. అదీ మన ఒప్పందం.

గోదావరికి ఇవతల ఓ రాతిగుట్ట మీద ఓదెమ్మ అనే యోగిని ఆశ్రమం ఉండేది. ఆశ్రమమంటే గూన పెంకుల ఇల్లొకటి, వంటపాక ఒకటి, వెనకాల ఇంటికంటే ఎత్తైన బండ ఒకటి. ఆ బండ మీద కోతుల కాపురం. ఓదెమ్మ తినే ముద్దలో సగం వాటిదే.

ఆమె శిష్యుడు గట్టయ్య. చేతిపనిలో అంతటివాడు ఈ భూమ్మీద పుట్టలేదు, ఇక పుట్టడు. బిగుసుకున్న తలుపు అంచుకు ఇంత కొవ్వొత్తి రుద్దాడంటే, ఆ తలుపు మనిషిని దూరం నుంచి చూసే తెరుచుకునేది. మాడి బొగ్గయిన గిన్నెలో చింతపండు నీళ్లు కాచి తోమితే, పెళ్లికొడుకులు వచ్చి అందులో చూసుకుని మీసం దిద్దుకునేవారు. కారే కుళాయిలో పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి కోసి వేశాడు, ఆ కుళాయి ఇప్పటికీ కారాలంటే జడుస్తుంది. బియ్యంలో నాలుగు ఎండుమిరపకాయలు వేసి మూత పెడితే, పురుగులు పిల్లాపాపలతో సహా పక్క జిల్లాకు వలస పోయేవి.

అంతటి గట్టయ్యకు లొంగనిది ఒక్కటే. ఇంటి కప్పు.

వాన పడితే ఇల్లు కురిసేది. గట్టయ్య ఎక్కేవాడు. పగిలిన పెంకు తీసి కొత్తది తోసేవాడు, సందుల్లో సిమెంటు నీళ్లలో ముంచిన గుడ్డపేలికలు కూరేవాడు, మీసం తిప్పుకుంటూ దిగేవాడు. మళ్లీ వానకు ఆ చోట చుక్క పడేది కాదు. పక్కన పడేది. పక్కన బాగుచేస్తే దాని పక్కన, ఈసారి రెండు చోట్ల.

ఆ ఏడు గురుపౌర్ణమి దగ్గర పడింది. అన్నదానం కోసం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇచ్చిన బియ్యం బస్తాలు ఇంటినిండా పేర్చి ఉన్నాయి. వాన చినుకులు బస్తాల మీద పడకుండా ఓదెమ్మ వాటి మీద గిన్నెలు పెడుతూ తిరుగుతోంది. టప్పు, టప్పు, టప్పు.

"కోతులే అవ్వా," అన్నాడు గట్టయ్య. "నేను ఇటు కప్పుడు, అవి అటు దునుకుడు. పెంకలెట్ల ఆగుతయ్?"

"నువ్వు చూసినవా?"

"చూసుడెందుకు? ఇంకెవలెక్కుతరు దాని మీదికి?"

వంటపాకలో పప్పు ఎనుపుతున్న వంటాయన గట్టయ్యకు వరసకు మామ. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "కోతుల మీదనే పెట్టు అల్లుడా. అవి కాదని చెప్పలేవు గద."

గట్టయ్యకు రోషం నెత్తికెక్కింది. "కోతులు పట్టేటోనికి కబురు పంపిన. రేపొస్తడు. అవ్వా, ఒట్టేసి చెప్తున్న. కోతులన్నా పోవాలె, నేనన్నా పోవాలె. పెంకలు పలగ్గొట్టెటోళ్లకు ఈ గుట్ట మీద జాగ లేదు."

అనడమైతే అన్నాడు. మిగతా లోకానికి అతను పనిమంతుడు. బిడ్డా అని పిలిచేది ఈవిడ ఒక్కతే. ఈ గుట్ట దిగితే పోవడానికి అతనికి ఇంకో చోటు లేదు. కానీ ఒట్టు పడిపోయింది.

ఓదెమ్మ కాదనలేదు, ఔననలేదు. "పొద్దున ఒకసారి ఎక్కి బాగుచెయ్యి బిడ్డా," అంది.

పొద్దున వాన తెరిపిచ్చింది. నిచ్చెన మొదట్లో తడి గోనెసంచి ఒకటి పరిచి ఉంది.

"జారకుండ దాని మీద కాళ్లు తుడుసుకుని ఎక్కు," అంది ఓదెమ్మ.

అప్పుడు చూడాలి గట్టయ్యను. నిచ్చెన ఎక్కాడనడం తప్పు, లేచాడు, గాలిపటం లేచినట్టు. కింద మామ నిచ్చెన పట్టుకున్నాడు. పైన గట్టయ్య ఈ చివర కనిపిస్తే ఆ చివర పెంకు మారేది. చేతులతో పాటు నోరూ ఆగలేదు. ఆ గొంతుకు గోదావరి అవతల మేస్తున్న బర్రెలు తలెత్తి చూశాయి. ఇక కాలికింద ఏదైనా టిక్కుమంటే అతనికెలా వినపడుతుంది?

"మామా, గింత గట్టిగ కప్పిన ఇల్లు గోదారికి అటు లేదు, ఇటు లేదు. మబ్బు మబ్బే వచ్చి మీద కూసున్నా చుక్క దిగదు."

"నువ్వైతే దిగు. నా చేతులు గుంజుతున్నయ్."

దిగాడు. దిగీదిగగానే ఎండ ఫెళ్లున కాసింది. తడిసిన గుట్టంతా ఇడ్లీపాత్రలా ఆవిరి కక్కింది.

"పా బిడ్డా, ఎనక బండ మీదికెక్కుదాం," అంది ఓదెమ్మ. "పైనుంచి నీ పని చూడాలనుంది."

ముగ్గురూ బండ మీదికెక్కారు. కోతులు జరిగి చోటిచ్చాయి. అక్కణ్ణుంచి ఇంటికప్పు పళ్లెంలో పెట్టినట్టు కనిపిస్తోంది.

ఎర్రటి పెంకుల మీద తెల్లని పాదాలు.

ఎండకు ఆరేకొద్దీ ఇంకా తెల్లగా తేలుతున్నాయి. పెద్ద పాదాలు. కుడికాలి బొటనవేలు కాస్త పక్కకు తిరిగి ఉంది. గట్టయ్య మెల్లగా వంగి తన కుడికాలు చూసుకున్నాడు. అరికాలంతా సున్నం. పండగ వెల్ల కోసం కలిపిన సున్నపు తొట్టి నిచ్చెన పక్కనే ఉంది, ఆ గోనెసంచి ఎక్కడ నానిందో అప్పుడు తట్టింది.

అతని చూపు ఆ పాదాల వెంట నడిచింది. ఒక పాదం కింద పెంకు నెర్రెలిచ్చింది. ఇంకో పాదం కింద రెండు ముక్కలైంది. పోయిన దారిలో ఒకటి, వచ్చిన దారిలో రెండు. తాజాగా ఎక్కడ పగిలిందో అక్కడల్లా పాదమే.

పెద్ద కోతి ఒకటి పిల్లకు పేలు చూడటం ఆపి, గట్టయ్య మొహంలోకి చూసింది.

గట్టయ్య మాట్లాడలేదు. గట్టయ్య మాట్లాడకపోవడం ఆ గుట్ట ఎన్నడూ ఎరగదు. ఏమైందోనని గోదావరి కాసేపు పారడం ఆపి చూసింది. అతను కిందికొచ్చి, తుండుగుడ్డ భుజాన వేసుకుని, అవ్వ కాళ్లకు మొక్కి, గుట్ట దిగే దారి పట్టాడు.

"యాడికి బిడ్డా?"

"ఒట్టు పెట్టుకున్న గద అవ్వా. పెంకలు పలగ్గొట్టెటోనికి జాగ లేదంటిని."

అవతల కొత్త మబ్బు ఉరిమింది. ఓదెమ్మ వంటపాకలోకి వెళ్లి ఎత్తుపీట తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"గుట్టెందుకు దిగుడు? ఇంటి నెత్తి దిగు, సాలు."

గట్టయ్య తుండుగుడ్డ తలకు చుట్టి, పీట చంకన పెట్టుకున్నాడు. తర్వాత ఇంట్లోకి నడిచాడు. బస్తాల మీద పీట వేసుకుని, లోపలి నుంచే వెదురుబద్దల సందున చెయ్యి పెట్టి, పగిలిన పెంకు జార్చి, కొత్తది మెల్లగా పైకి తోశాడు. ఒకటైంది, ఇంకోటైంది.

మధ్యాహ్నం పడిన వాన మామూలు వాన కాదు. గోదావరే లేచి నిలబడి గుట్ట మీద ఒరిగిందేమో అన్నంత వాన. ఓదెమ్మ ఒంపేసి మళ్లీ పెట్టిన గిన్నెల్లో చుక్క పడలేదు. కోతులు పట్టేవాడు తడిసి ముద్దై వచ్చి, పప్పన్నం తిని, ఖాళీ వలతో వెళ్లిపోయాడు. చూరు కింద చేరిన కోతులు వాణ్ణి సాగనంపాయి.

నమ్మరా? ఆ రోజు నిచ్చెన పట్టుకున్న వంటాయన ఇంకా గట్టిగానే ఉన్నాడు. గుట్ట కింది ఊళ్లో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. వెళ్లి అడగండి. పేరు గుండేటి మొండయ్య.