ఆకలి వేషం

వెనకటికి మణిగిరి అనే రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కానీ తనంతటి రసికుడు ముల్లోకాల్లోనూ లేడని ఆయన నమ్మకం. ఎవరు నాటకం ఆడినా మధ్యలో ఆపి, "ఏడుపంటే అలా కాదయ్యా" అని తానే ఏడ్చి చూపించేవాడు. అభినయం నచ్చకపోతే నటులకు గుండు గీయించి ఊరి పొలిమేర దాటించేవాడు.

ఆయన మంత్రి త్రిలోచనుడు. రాజు చెవికి ఏది ఇంపో అదే చెప్పే రకం. ఏలినవారి రాజ్యంలో ఆకలన్న మాటే లేదని, బిచ్చగాడన్నవాడే లేడని ఊరంతా చాటింపు వేయించాడు. ఆ మాట నిజం చేయడానికి అతను చేసిన పని ఒక్కటే. బిచ్చమెత్తేవాళ్ళను కోట గుమ్మం దాటనివ్వవద్దని భటులకు చెప్పాడు.

ఆ ఏడు పడమటి సీమలో చినుకు రాలలేదు. జనం మూటాముల్లే నెత్తిన పెట్టుకుని వలస బయలుదేరారు. అలా వచ్చిన గుంపొకటి మణిగిరి కోట ముందు కూలబడింది. అందులో చెంచయ్య, అతని బావమరిది ఈరన్న కూడా ఉన్నారు. మంచి రోజుల్లో చెంచయ్య వీధి నాటకాల మేళం వెంట మద్దెల మోస్తూ తిరిగినవాడు. ఇప్పుడు మద్దెల లేదు, మేళమూ లేదు. ఉన్నది ఆకలి ఒక్కటే.

లోపల వసంతోత్సవాలు జరుగుతున్నాయి. పోపు వాసన గోడ దాటి వచ్చి, బయట కూర్చున్నవాళ్ళను పలకరించి పోతోంది. పిల్లలు ఏడవడం కూడా మానేశారు. అది చూసే చెంచయ్య లేచాడు.

"ఒరేయ్ ఈరన్నా, రా నాతో."

గుమ్మం దగ్గర భటుడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఎవరోయ్ మీరు?"

"నటులమయ్యా. రాజుగారి ముందు ప్రహసనం ఆడాలని వచ్చాం."

"మరి వేషాలేవీ?"

"వేసుకునే వచ్చాం" అన్నాడు చెంచయ్య, తన చిరుగుల పంచె చూపించి. "మాది బిచ్చగాళ్ళ నాటకం."

భటుడు ఎగాదిగా చూసి, వేషం బాగా కుదిరిందని మెచ్చుకుని లోపలికి వదిలాడు.

నడుస్తూ ఉంటే ఈరన్న చెంచయ్య పంచె పట్టి లాగాడు. "బావా, నాకు నాటకం రాదే! గుండు గీయిస్తారట."

"ఆకలేస్తోందా?"

"ప్రాణం పోతోంది."

"అయితే సగం నాటకం వచ్చినట్టే. తక్కినది నేను చూసుకుంటా."

సభ నిండుగా ఉంది. చెంచయ్య రంగం మీదికి వచ్చి దణ్ణం పెట్టాడు. "ప్రభూ, మొదటి అంకంలో ఇద్దరు బిచ్చగాళ్ళు ఆకలితో మలమలమాడతారు. రెండో అంకంలో ఒక పుణ్యాత్ముడి ఇంట భోంచేస్తారు. చిత్తగించండి."

మొదటి అంకానికి ఇద్దరూ కష్టపడనక్కరలేకపోయింది. ఈరన్న నిలబడలేక కూలబడ్డాడు. అతని కడుపు గుర్రుమన్న చప్పుడు వెనక వరుసదాకా వినిపించింది. సభ ఘొల్లున నవ్వింది.

"భేష్! భేష్!" అని రాజు తొడ చరిచాడు. "కడుపు చేత కూడా అభినయం చేయించాడు! ఇంత నిజమైన ఆకలిని నేనింతవరకు చూడలేదు."

రెండో అంకం మొదలైంది. ఇద్దరూ ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చుని, గాలిని కలిపి గాలిని మింగారు. చెంచయ్య కావాలనే పిట్ట ముక్కున కరిచినంత ముద్ద ఎత్తాడు.

"ఆపండి!" రాజు లేచాడు. "అంత ఆకలి మీదున్నవాడు అలా తింటాడా? గుటక ఏది? ఆ కళ్ళలో తృప్తి ఏది? ఇంత మంచి ఆకలి పండించి భోజనం పాడుచేస్తారా? పిలవండి మంగలిని!"

ఈరన్న నెత్తి తడుముకున్నాడు. చెంచయ్య చేతులు కట్టుకుని, "చిత్తం ప్రభూ, తప్పు మాదే. ఆకలి దగ్గరే మా చదువు ఆగిపోయింది. తినడం ఎలాగో చూపించే గురువు దొరకలేదు. తమంతటి రసజ్ఞులు నేర్పితే నేర్చుకుంటాం. లేదా ఈ గుండ్లు తమవే" అన్నాడు.

గురువన్న మాట రాజుకు మహా తీపిగా తోచింది. మంగలిని ఆగమన్నాడు. "వడ్డించండయ్యా వీళ్ళకి! నిజంగా తింటే గాని అభినయం పట్టుబడదు."

ముద్దపప్పు, నెయ్యి వచ్చాయి. ఈరన్న విస్తట్లోకి వంగి మరి తల ఎత్తలేదు.

"చూశారా, ఇప్పుడు గుటక పడింది!" అన్నాడు రాజు.

"పప్పు పట్టుబడింది ప్రభూ. కానీ గోంగూరకు భావం వేరు గదా?"

"వేరే! కన్ను సగం మూయాలి." గోంగూర వచ్చింది.

"మరి గుమ్మడికాయ పులుసుకో?"

పులుసు వచ్చింది, దాని వెనకే బూరెలు, గడ్డ పెరుగు. ఒక్కోదానికి కనుబొమలు ఎలా ఆడాలో రాజు నేర్పుతూనే ఉన్నాడు. వాళ్ళు నేర్చుకుంటూనే ఉన్నారు.

"ఇక ఖాళీ విస్తరి ముందు ఆడి చూపించండి" అన్నాడు రాజు చివరికి.

ఈరన్న ఖాళీ విస్తరిని ఒకసారి చూసి, బ్రేవుమని త్రేన్చి, పక్కకు ఒరిగాడు.

"ఇదేమిటి? ఆవురావురుమని తినాలి గదా?"

"వీడికి ఇప్పుడు ఆకలి వేషం నప్పదు ప్రభూ" అన్నాడు చెంచయ్య. "రేపు ఈ వేళకు మళ్ళీ దానంతటదే వస్తుంది."

త్రిలోచనుడు గబుక్కున లేచాడు. "ప్రభూ, మోసం! వీళ్ళు నటులు కారు, అచ్చం బిచ్చగాళ్ళు!"

రాజు ముఖం ఎర్రబడింది. చెంచయ్య ఒక అడుగు ముందుకు వేసి దణ్ణం పెట్టాడు.

"బిచ్చగాళ్ళే లేరని చాటించినవారు మంత్రిగారే గదా ప్రభూ! ఆ చాటింపు నిజమైతే మేం నటులం, తమ మెప్పు పొందినవాళ్ళం. మేం బిచ్చగాళ్ళమైతే చాటింపు అబద్ధం. ఆ సంగతి మంత్రిగారు తేల్చుకోవాలి. తమరు మాత్రం ఎటు చూసినా పొరబడలేదు. ఇంత నిజమైన ఆకలిని చూడలేదని ముందే సెలవిచ్చారు."

రాజు మంత్రిని చూశాడు, నిద్రలో జోగుతున్న ఈరన్నను చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"గట్టివాడివోయ్! ఏం కావాలో కోరుకో."

"మా మేళంవాళ్ళు గుమ్మం బయట ఉన్నారు ప్రభూ. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. మొదటి అంకం అందరికీ కంఠతా వచ్చు. రెండోదే ఒక్కరికీ రాదు."

రాజు నవ్వు ఆగింది. త్రిలోచనుడు నేల చూపులు చూశాడు.

"మంత్రీ, తలుపులు తీయించు. వడ్డన నువ్వే చెయ్యి" అన్నాడు రాజు.

కోట వాకిట్లో బారులు తీరి విస్తళ్ళు పరిచారు. మంత్రి పైపంచె నడుముకు చుట్టి, గరిటె పట్టి, వంగి వంగి వడ్డించాడు. వానలు పడేదాకా ఈ వడ్డన ఆగకూడదని, చెంచయ్య తన కొలువులోనే ఉండాలని రాజు అక్కడే నిలబడి ఆజ్ఞ ఇచ్చాడు.

అయినా రాజుగారి పాత అలవాటు పోతుందా? గబగబా తింటున్న ఒక ముసలమ్మ దగ్గర ఆగి, "అమ్మా, పులుసన్నం ముద్ద అలా కాదు, ఇలా కలపాలి" అన్నాడు.

ఆయన ఎవరో ముసలమ్మకు తెలియదు. తల ఎత్తకుండానే, "ముందు తిననీ నాయనా, తరవాత చెబుదువుగాని" అంది.

రాజు ఆ పూట అన్నిటికంటే ఎక్కువగా నవ్వింది ఆ మాటకే.