సైదులు కుట్టనన్న అంగీ

శిష్యులు అడిగినదానికి వెంటనే బదులివ్వడం వినుకొండ డాక్టరు వీరభద్రయ్యగారికి అలవాటు లేదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ప్రసూన ఒక మధ్యాహ్నం చిన్నబోయిన ముఖంతో వచ్చింది. బరువు సంగతి ఎత్తగానే ఒక రోగి కోపంగా లేచి వెళ్ళిపోయాడట. ఏ నొప్పీ లేనివాడికి లావు మాట చెప్పి మనసు కష్టపెట్టడం అవసరమా అని అడిగింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, పరాంకుశం సంగతి చెప్పారు.

పరాంకుశం పేరున్న బుర్రకథకుడు. ఆ నిండు విగ్రహం వల్లే వేదికకు కళ అని జనం అనేవారు. ఆయనా అదే నమ్మాడు. ఏటా కథలు మొదలయ్యే ముందు దర్జీ సైదులు దగ్గర కొత్త అంగీ కుట్టించుకునేవాడు. ఒక ఏడు సైదులు నడుం చుట్టూ టేపు రెండుసార్లు తిప్పి చూసి, మెల్లగా అన్నాడు.

"గుడ్డ ఎంతైనా కలుపుతాను బాబాయ్. నాలుగేళ్ళుగా కలుపుతూనే ఉన్నాను. ఇవాళ మా కొట్టు నాలుగు మెట్లెక్కి, మాట్లాడ్డానికి ఊపిరి అందలేదు మీకు. ముందు డాక్టరుకి చూపించుకోండి, అప్పుడు కుడతాను."

పరాంకుశం గుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంకో దర్జీని వెతుక్కుంటూ వీధి చివరిదాకా వెళ్ళేసరికి గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అప్పుడు భయం వేసి, ఆస్పత్రికి వచ్చాడు. చూస్తే రక్తపోటు, చక్కెర, రక్తంలో కొవ్వు అన్నీ ఎక్కువే. ఏళ్ళ తరబడి ఆ రక్తపోటుకు ఎదురొడ్డి పనిచేసి గుండె కండరం మందం కావడం మొదలైంది. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదనీ, ఇన్సులిన్‌ను పని చేయనివ్వదనీ, ఇదంతా నొప్పి తెలియకుండానే జరుగుతుందనీ డాక్టరుగారు ఆయనకు వివరించారు. అదృష్టవశాత్తూ గుండె బలం ఇంకా తగ్గలేదు.

ఏడాదిపాటు పొద్దున్నే నడిచాడు, అన్నం తగ్గించాడు, మాత్రలు మానలేదు. తగ్గింది ఎనిమిది కిలోలే. ఇప్పటికీ భారీ మనిషే. అయినా రక్తపోటు, చక్కెర అదుపులోకి వచ్చాయి. ఆ ఏడు కథ మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా అడుగు వేసి ఆడాడు. మర్నాడు సైదులు కొట్టుకు వెళ్ళి అతని రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు.

"ఊరంతా నా ఒంటిని మెచ్చుకున్నారు. నా కోసం భయపడింది నువ్వొక్కడివే."

మీకు కూడా కృతజ్ఞతలు చెప్పే ఉంటాడు కదండీ అంది ప్రసూన.

"చెప్పాడు, నేనే తల దించుకున్నాను," అన్నారు వీరభద్రయ్యగారు. "ఆ నాలుగేళ్ళూ ఆయన రోజూ మన ఆస్పత్రి ముందునుంచే వెళ్ళేవాడమ్మా. నేను నమస్కారం పెట్టి ఊరుకునేవాణ్ణి."